గేమ్ మెషీన్ల దగ్గర చిల్లర గొడవ తీరింది.. మరి కార్డులో మిగిలిన పైసలు ఎవరివి? కల్వకుర్తి నుంచి హైదరాబాద్ మాల్ దాకా ఇదే లెక్క!

ఆట 20 రూపాయలు. జేబులో ఉన్నది 500 నోటు. పిల్లాడు మాత్రం మెషీన్ వదిలి రానంటున్నాడు. ఇంతకుముందైతే కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒక్కటే.. "చిల్లర లేదన్నా, ఇంకో రెండు ఆటలు ఆడనియ్యరాదు!"

ఇప్పుడు ఆ మాట తగ్గింది. కల్వకుర్తి లాంటి టౌన్‌లో చాయ్ బండికి, కూరగాయల గంపకు కూడా క్యూఆర్ స్టిక్కర్ ఉంది. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2000 కోట్లు దాటాయి. వాటి విలువ 24.85 లక్షల కోట్ల రూపాయలు. జాతరలో రంగులరాట్నం, ఎగ్జిబిషన్‌లో బెలూన్ల షూటింగ్, మాల్‌లో బొమ్మలు పట్టే మెషీన్.. అన్నీ మెల్లగా ఫోన్ దారి పట్టాయి.

అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. క్యాష్‌లెస్ అని పిలుస్తున్న వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, ఆడిన ఆటకు అప్పటికప్పుడు స్కాన్ చేసి కట్టేది. రెండోది, ముందే కార్డులో డబ్బులు వేయించుకుని గీకుతూ ఆడేది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ మొదటిదాంట్లో చిల్లర సమస్య నిజంగా పోతుంది. రెండోదాంట్లో అది ఎటూ పోలేదు, కౌంటర్ మీంచి కార్డులోకి మారింది. అంతే.

టికెట్ వెనకాల రాసిచ్చే బాకీ

కల్వకుర్తి డిపో బస్సెక్కే వాళ్లకు చిల్లర గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్ద నోటు ఇస్తే కండక్టర్ టికెట్ వెనకాల పెన్నుతో మిగతా మొత్తం రాసిస్తారు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. స్టేజీ రాగానే సంచులు, పిల్లలు, తోపులాట.. ఆ హడావుడిలో మర్చిపోతే ఆ డబ్బులు పోయినట్టే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ కాబట్టి ఈ గొడవ కొంత తగ్గింది. మగవాళ్లకు మాత్రం ఇంకా ఉంది.

కిరాణా షాపులో ఇంకో పద్ధతి. రెండు రూపాయలకు రెండు చాక్లెట్లు. కావాలా వద్దా అని ఎవరూ అడగరు. అవే చాక్లెట్లు తిరిగిస్తే మాత్రం షాపాయన డబ్బుల కింద తీసుకోడు.

టికెట్ వెనకాల రాత, చేతిలో పెట్టే చాక్లెట్, గేమ్ కార్డులో మిగిలిన బ్యాలెన్స్.. మూడూ ఒకే జాతి. కస్టమర్‌కు రావాల్సిన డబ్బు అవతలివాళ్లకు నచ్చిన రూపంలో ఆగిపోతుంది.

ఇక 10 రూపాయల కాయిన్ సంగతి తెలిసిందే. చెల్లదనే పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నడిచింది. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని ఆర్బీఐ 2018 జనవరి 17న క్లియర్‌గా చెప్పింది. 14440 నంబర్ పెట్టి ఫోన్‌లో కూడా వినిపించింది. అయినా ఈ కాయిన్ చూడగానే మొహం తిప్పుకునే షాపులు ఇప్పటికీ కనిపిస్తాయి.

గేమ్ మెషీన్ల ఓనర్లకు కాయిన్లతో ఉన్న తలనొప్పి వేరు. మెషీన్ కాయిన్ మీద బొమ్మ చూడదు. సైజు, బరువు, లోహం చూస్తుంది. మన రూపాయి బిళ్ల చూస్తే ఒకప్పుడు 25 మిల్లీమీటర్లు ఉండేది, 2011 సిరీస్‌లో దాదాపు 22 మిల్లీమీటర్లకు తగ్గింది. పాత బిళ్లకు సెట్ చేసిన మెషీన్ కొత్త బిళ్లను కింద పడేస్తుంది. అందుకే వీడియో గేమ్ పార్లర్ల కాలంలోనే టోకెన్ల పద్ధతికి గిరాకీ వచ్చింది. నోటు ఇచ్చి టోకెన్లు తీసుకోవాలి. మిగిలిన టోకెన్ ఇంటికి తెచ్చుకుంటే ఇత్తడి బిళ్లే, బయట దాంతో బఠానీ గింజ కూడా రాదు. ఇవాళ్టి గేమ్ కార్డుకు తాత ఆ టోకెనే!

స్కాన్ చేస్తే మెషీన్ ఎలా కదులుతుంది?

చాలామందికి ఇది మ్యాజిక్‌లా ఉంటుంది కానీ లోపల జరిగేది సింపుల్. మామూలు గేమ్ మెషీన్‌లో కాయిన్ పడగానే ఒక చిన్న కరెంట్ సిగ్నల్ లోపలి బోర్డుకు వెళ్తుంది. దాన్ని పల్స్ అంటారు. ఒక పల్స్ అంటే ఒక కాయిన్ పడ్డట్టు లెక్క.

క్యూఆర్ పెట్టేటప్పుడు మెషీన్‌ను మార్చరు. సిమ్ కార్డు ఉన్న ఒక చిన్న డబ్బాను కాయిన్ వైర్‌కు కలుపుతారు. ప్రతి మెషీన్‌కు విడిగా ఒక క్యూఆర్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టగానే పేమెంట్ కంపెనీ సర్వర్ నుంచి ఆ డబ్బాకు మెసేజ్ వస్తుంది. అది వెంటనే కాయిన్ పడినప్పుడు వచ్చే పల్సే ఇస్తుంది. మెషీన్ పాపం నిజంగానే కాయిన్ పడిందనుకుంటుంది! కాయిన్ పది రూపాయల లెక్కన సెట్ చేసి ఉంటే 20 కట్టినవాళ్లకు రెండు పల్సులు. 30 ఏళ్ల పాత మెషీన్‌కు కూడా ఇలా క్యూఆర్ తగిలించొచ్చు.

ఓనర్‌కు దీంతో ఎంత హాయో చెప్పనక్కర్లేదు. కాయిన్ డబ్బా తాళం తీసి లెక్కపెట్టే పని లేదు. ఏ మెషీన్ ఎన్ని ఆటలు ఆడిందో ఫోన్‌లోనే తెలుస్తుంది. ఖాతా నుంచి ఖాతాకు వెళ్లే యూపీఐ మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్ చార్జీ కూడా లేదు. కస్టమర్‌కూ లాభమే, 20 రూపాయల ఆటకు సరిగ్గా 20 మాత్రమే పోతాయి. మిగిలేది ఏమీ లేదు కాబట్టి ఇరుక్కునేదీ లేదు.

మరి సమస్య ఎక్కడ? సిగ్నల్ దగ్గర. జాతరలో వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడ్డప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. చార్‌కొండ మండలం సిరసనగండ్లలో శ్రీరామనవమి ఉత్సవాలకు వెళ్లే కల్వకుర్తి జనానికి ఇది కొత్త కాదు. ఫోన్‌లో గ్రీన్ టిక్ వస్తుంది, డబ్బులు కట్ అయ్యాయని మెసేజ్ వస్తుంది. కానీ మెషీన్ పక్కన ఉన్న డబ్బాకు నెట్‌వర్క్ అందదు. పల్స్ వెళ్లదు. ఆట మొదలవదు.

ఇక్కడ రూల్ ఏం చెబుతోందో చూద్దాం. ఆర్బీఐ 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో డబ్బులు కట్ అయి, వ్యాపారికి కన్ఫర్మేషన్ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ మొత్తం దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. బాగుంది కదా? కానీ గేమ్ మెషీన్ విషయంలో వ్యాపారి ఖాతాకు కన్ఫర్మేషన్ అందింది. అందనిది మెషీన్‌కు! బ్యాంకు లెక్కలో అది సక్సెస్. కాబట్టి ఈ రూల్ ఆ 20 రూపాయలను కాపాడదు. ఓనర్ దయతలచి ఇవ్వాల్సిందే.

నిజానికి దీనికి మందు లేకపోలేదు. ఆట మొదలైందని డబ్బా నుంచి సర్వర్‌కు తిరిగి మెసేజ్ రాకపోతే, కొన్ని సెకన్లు చూసి డబ్బులు ఆటోమేటిక్‌గా వెనక్కి పంపేలా సెట్ చేయొచ్చు. ఈ ఒక్క ఏర్పాటు ఉందా లేదా అన్నదే మంచి సిస్టమ్‌కు, నాసిరకం సిస్టమ్‌కు తేడా. మెషీన్ మీద మెరిసే లైట్లు కాదు.

80 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినవాళ్లకు ఆ కార్డెందుకు?

ఇప్పుడు అసలు మ్యాటర్. హైదరాబాద్ మాల్స్‌లోని గేమ్ జోన్లలో స్కాన్ చేసి నేరుగా ఆడటం కంటే కార్డు పద్ధతే ఎక్కువ. కౌంటర్‌లో యూపీఐతో కడతారు, కార్డులో లోడ్ చేస్తారు. ఉదాహరణకు 500 లోడ్ చేశారు, ఆట 70 అనుకుందాం. ఏడు ఆటలకు 490. మిగిలిన 10తో ఇంకో ఆట రాదు. పిల్లలు ఇంకొకటి అంటారు, మళ్లీ లోడ్ చేయాలి. మళ్లీ ఎంతో కొంత మిగులుతుంది. పైగా కొన్నిచోట్ల కార్డులో రూపాయలు కనపడవు, పాయింట్లు కనపడతాయి. ఒక ఆటకు ఎంత ఖర్చయిందో అక్కడే నిలబడి లెక్కేసుకునే ఓపిక ఏ తండ్రికి ఉంటుంది?

మాల్ పక్కనే ఉండేవాళ్లకు ఆ 10 రూపాయలు వచ్చే నెల పనికొస్తాయి. కల్వకుర్తి నుంచి సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణం చేసి, దసరా సెలవుల్లో ఒక్కసారి వచ్చే కుటుంబానికి? ఆ కార్డు ఇంట్లో ఫ్రిజ్ మీద పడి ఉంటుంది. గడువు తేదీ ఉంటే అదీ దాటిపోతుంది. దూరం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ నష్టపోయేలా ఈ పద్ధతి ఉంది. కావాలని చేశారా అంటే కాకపోవచ్చు. కానీ దాని వల్ల లాభం ఎవరికో మాత్రం అందరికీ తెలుసు.

ఆర్బీఐ పట్టించుకోదా అంటే.. ఇది దాని పరిధిలో లేదు. 2021 ఆగస్టు 27 నాటి ప్రీపెయిడ్ మార్గదర్శకాల ప్రకారం ఒక సంస్థ తన దగ్గర కొనడానికి మాత్రమే పనికొచ్చేలా ఇచ్చే కార్డు క్లోజ్డ్ సిస్టమ్ కిందికి వస్తుంది. దానికి ఆర్బీఐ పర్మిషన్ అక్కర్లేదు. మామూలు వాలెట్లకు కనీసం ఏడాది గడువు ఉండాలనే లాంటి రూల్స్ దీనికి వర్తించవు. అంటే కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంటే అదే శాసనం.

మిగిలిన దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. అన్యాయమైన ఒప్పందం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలకు అందులో నిర్వచనాలున్నాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ 10 రూపాయల కోసం ఎవరు ఫోన్ చేస్తారు? ఒక్కొక్కరి దగ్గర 10 మిగిలితే రోజుకు వెయ్యి కార్డులు అమ్మే చోట ఎంతవుతుంది? 10 వేలు. ఒక్కరికి చిల్లర, అవతలివాళ్లకు ఆదాయం!

క్యాష్ పూర్తిగా వద్దంటే కుదురుతుందా?

కుదరదు. తాత ఇచ్చిన 20 నోటు పట్టుకుని వచ్చిన పిల్లాడికి యూపీఐ ఎక్కడిది? 2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ వచ్చింది. ఇంట్లో ఒకరి ఖాతా నుంచి మరొకరు నెలకు 15 వేల దాకా ఖర్చు పెట్టుకునే సౌకర్యం ఇది. చిన్న మొత్తాలకు పిన్ అక్కర్లేని యూపీఐ లైట్ కూడా ఉంది, ఇప్పుడు ఒక్కో పేమెంట్ పరిమితి వెయ్యి రూపాయలు. రెండూ మంచివే. కానీ రెండింటికీ స్మార్ట్‌ఫోన్ కావాలి.

చిల్లర అందించే పని కూడా మెషీన్‌కే అప్పగించాలని ఆర్బీఐ ఒకసారి ట్రై చేసింది. 2023 ఫిబ్రవరి 8న అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ క్యూఆర్ కాయిన్ మెషీన్ల పైలట్ ప్రకటించారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఖాతా నుంచి డబ్బులు కట్ అయి కాయిన్లు బయటికి వస్తాయి. మొదట 12 నగరాలు, 19 చోట్లు అన్నారు. పాత కాయిన్ మెషీన్లలో జనం వేసే నోట్లలో నకిలీవి వస్తున్నాయన్నది ఈ మార్పుకు చెప్పిన ఒక కారణం. ఆలోచన బాగుంది. నగరాల సంగతి సరే, కల్వకుర్తి బస్టాండ్ లాంటి చోట అలాంటిదొకటి ఉంటే కండక్టర్లకూ ప్యాసింజర్లకూ ఎంత సులువు!

ఓనర్ల భయం ఇంకోటి ఉంది

స్కాన్ చేసి ఆడే పద్ధతి కస్టమర్‌కు మేలైతే, అందరూ అదే పెట్టొచ్చు కదా? ఇక్కడ చిన్న వ్యాపారుల గుండెల్లో ఒక గుబులుంది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి వేల మంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో చాలా షాపుల ముందు 'నో యూపీఐ, ఓన్లీ క్యాష్' బోర్డులు వెలిశాయి. గొడవ ముదిరాక పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చెప్పాల్సి వచ్చింది.

గేమ్స్ నడపడం సర్వీస్ కిందికి వస్తుంది కాబట్టి మన దగ్గర జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. రోజుకు లెక్కేస్తే దాదాపు 5,480 రూపాయలు. 20 రూపాయల ఆటైతే రోజుకు 274 ఆటలు. ఏడాదిలో కొన్ని జాతరలకే తిరిగే రంగులరాట్నం ఓనర్ చాలావరకు ఈ గీతకు కిందే ఉంటాడు. కానీ ఇల్లు, చిట్టీ, చేబదులు.. అన్నీ ఒకే పర్సనల్ క్యూఆర్‌లోకి వస్తే లెక్క ఎలా తేలుతుంది? వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకుంటే సగం భయం పోతుంది. ఈ మాట చెప్పేవాళ్లే కరువు.

వెళ్లేముందు ఇవి చూసుకోండి

గేమ్ జోన్‌కు వెళ్తే కౌంటర్‌లో డబ్బులు కట్టకముందే మిగిలింది రిఫండ్ ఇస్తారా, కార్డుకు గడువెంత అని అడగండి. ఆట రేటు ఎంతో చూసుకుని, దానికి సరిపోయేలా లోడ్ చేయించుకోండి. 70 రూపాయల ఆటకు 500 కంటే 490 నయం, వాళ్లు ఒప్పుకుంటే. క్యూఆర్ మెషీన్ అయితే ముందు పక్కవాళ్ల ఆట మొదలవుతోందో లేదో చూసి స్కాన్ చేయండి. డబ్బులు కట్ అయి మెషీన్ కదలకపోతే వెంటనే మళ్లీ స్కాన్ చేయొద్దు, రెండుసార్లు పోయే చాన్స్ ఉంది. యాప్‌లో ఆ లావాదేవీ నంబర్‌ను స్క్రీన్‌షాట్ తీసి, మెషీన్ దగ్గరే ఉండి ఓనర్‌కు చూపించండి. అతని ఫోన్‌లో కూడా అదే నంబర్ కనిపిస్తుంది కాబట్టి రాలేదని తప్పించుకోవడం కష్టం.