కెమెరా సంచిలో నీళ్ళకు చోటెక్కడ?

కొండదారులలో ఛాయాచిత్రాలు తీయబోయే మిత్రులు ఉత్తరాలు వ్రాసినప్పుడు కటకాల గురించి అడుగుతారు, కెమెరాల గురించి అడుగుతారు, సంచి గురించి అడిగేవారు అరుదు. కటకం కొనడానికి నెల రోజులు పరిశోధన చేసే మనిషి, ఆ కటకాన్ని మోసే సంచి దగ్గరికి వచ్చేసరికి దుకాణదారుడు చేతిలో పెట్టినదానినే మహాప్రసాదంగా కళ్ళకద్దుకుంటాడు. పెళ్ళి పందిళ్ళలో అది చెల్లుతుంది. అక్కడ సంచిని మోసేది కారు. శేషాచలం కొండలలో చెల్లదు. అక్కడ మోసేది మన నడుము.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను, ఆపైన మీరు తగాదా పెట్టుకోవచ్చు. ‘కెమెరా బ్యాక్‌ప్యాక్’ అనే పేరుతో అమ్మే వీపుసంచులలో అధికభాగం మా తిరుపతి, చిత్తూరు ప్రాంతపు కొండలకు పనికిరావు. కొండలెక్కేవారు వాడే మామూలు నడకసంచిని కొని, అందులో మెత్తలు కుట్టిన చిన్న పెట్టెను అమర్చి, ఆ పెట్టెలో కెమెరాను పెట్టుకోవడమే ఉత్తమం.

లెక్క చూద్దాం. పక్షుల కోసం బయలుదేరే వారి దగ్గర సాధారణంగా ఉండే సామగ్రినే తీసుకోండి. నికాన్ డి500 వంటి కెమెరా 860 గ్రాములు. దానికి తగిలించే 200-500 మి.మీ. కటకం 2.3 కిలోలు. దృశ్యాల కోసం మరొక చిన్న కటకం అరకిలో. ట్రైపాడ్ రెండు కిలోలు. నాలుగు ప్రక్కలా మెత్తలతో నిండిన కెమెరా సంచి తానే రెండు కిలోలకు పైచిలుకు తూగుతుంది. అప్పటికే ఎనిమిది కిలోల దరిదాపులకు వచ్చాము, ఇంకా మంచినీళ్ళ ఊసే ఎత్తలేదు! ఏప్రిల్ నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పగలంతా నడిచే మనిషికి మూడు లీటర్లు కనీసం. మూడు లీటర్లంటే మూడు కిలోలు. తిండి, వానకోటు, టార్చిలైటు, మందులు కలిపి మరొక కిలో. వెరసి పన్నెండు. అరవై కిలోల మనిషికి తన బరువులో ఐదోవంతు. ఇది మోయరాని బరువు కాదు, నడుము మోస్తే. భుజాలు మోస్తే మాత్రం రెండు గంటలలో మెడనరాలు మొరపెట్టుకుంటాయి.

ఈ సూత్రం మన పల్లెలకు కొత్తది కాదు. కట్టెలమోపు మోసే ఆడవారు నెత్తిన చుట్టకుదురు పెట్టుకునేది అందంకోసం కాదు. బరువు వెన్నెముక మీదుగా నిట్టనిలువుగా కాళ్ళలోకి దిగాలి, ప్రక్కకు ఒరగకూడదు, అంతే. ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి మోసుకుపోయే భక్తులను చూడండి. (తిరుత్తణి 1960 వరకూ మా చిత్తూరు జిల్లాదే. ఆ సంగతి మా పెద్దలు ఇప్పటికీ కొంచెం నిష్ఠూరంగానే చెబుతారు.) కావడిబద్దకు ఇరువైపులా బరువు సమానం కనుకనే ఒక్క భుజం అంతదూరం మోయగలుగుతుంది. వీటన్నిటికీ విరుద్ధమైనది, బరువంతా ఒక ప్రక్కకు లాగేసే జోలెసంచి. కెమెరాను ఆ జోలెలో వేసుకుని అలిపిరి మెట్లెక్కే వారిని చూసినప్పుడల్లా నాకు జాలి కలుగుతుంది. అవి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలోనైనా 2,388.

వీపుసంచిలో చుట్టకుదురు చేసే పనిని నడుముపట్టీ చేస్తుంది. అది బొడ్డు చుట్టూ కట్టే తాడు కాదు. తుంటి ఎముకల పైఅంచున కూర్చోవాలి, దళసరిగా ఉండాలి, సంచి వెనుక ఉండే చట్రానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. చట్రం లేని సంచికి ఎంత లావు నడుముపట్టీ కుట్టినా అది వట్టి అలంకారమే, ఎందుకంటే పైబరువును క్రిందికి దించే నిట్రాడు ఏదీ అందులో లేదు. పెక్కు కెమెరా సంచులలో జరిగేది ఇదే. పెట్టె గట్టిగా ఉంటుంది, పట్టీ అంగుళం వెడల్పు గుడ్డపేలిక. ఇక కొలత సంగతి. తల వంచినప్పుడు మెడ మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుండి తుంటి పైఅంచు దాకా టేపు పెట్టి కొలిస్తే వచ్చేది మీ వీపు పొడవు. సంచిని ఆ పొడవుకు తగినట్లు ఎంచుకోవాలి. మనిషి ఎత్తును బట్టి కాదు. ఒకే ఎత్తు గల ఇద్దరికి వీపు పొడవులో రెండంగుళాలు తేడా ఉండవచ్చు. చెప్పులకు కొలత అడిగే మనం సంచికి ఎందుకు అడగమో నాకు అర్థం కాదు.

చరిత్రలో ఒక వింత చూడండి. 1860లలో శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు హిమాలయాలలో ఛాయాచిత్రాలు తీశాడు. గాజుపలకలు, రసాయనాలు, చీకటి గుడారం, వీటన్నిటినీ పదులకొద్దీ కూలీలు మోశారు. చిత్రం క్రింద ఆయన పేరు నిలిచింది, మోసినవారి పేర్లు నిలువలేదు. నూరేళ్ళ తరువాత, 1967లో, అమెరికాలోని కొలరాడోలో గ్రెగ్ లోవ్ అనే పర్వతారోహకుడు తన సామగ్రిని తానే మోసుకోవడానికి సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. లోప్రో అలా పుట్టినదే. అంటే కెమెరా సంచి అనే వస్తువు కొండలెక్కే మనిషి చేతిలో పుట్టి, తరువాతి కాలంలో కార్ల డిక్కీలకు అలవాటు పడిందన్నమాట! మన దగ్గర ఇప్పటికీ కొందరు ఔత్సాహికులు ఊరి కుర్రవాడికి రెండువందలు ఇచ్చి సంచి వాడి వీపున వేస్తారు. కూలి ఇవ్వడం తప్పు కాదు. కానీ వాడి వీపు కొలతకు ఆ సంచి సరిపోతుందా, వాడు త్రాగడానికి నీళ్ళున్నాయా అని అడిగినవారిని నేను చూడలేదు. తాను మోయలేని కటకాన్ని ఇంట్లో దించి రావడం మేలని నా పక్షం.

నీళ్ళ విషయానికే మళ్ళీ వస్తాను, నా పేచీ అంతా అక్కడే గనుక. కెమెరా సంచుల తయారీదారులు చీటీ మీద ఏమని ముద్రిస్తారు? రెండు కెమెరాలు, ఆరు కటకాలు, ఒక ల్యాప్‌టాప్ పడతాయని. నీళ్ళ కోసం బయట ఒక వల జేబు. అందులో అరలీటరు సీసా దూరుతుంది. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషిద్ధం కనుక మనం తీసుకువెళ్ళేది స్టీలుదో రాగిదో అయివుంటుంది. ఆ లావుకు ఆ వల చాలదు. ఫలితం ఏమిటంటే, మనిషి నాలుగో కటకం పెట్టుకుని రెండో సీసా ఇంట్లో వదిలివస్తాడు. తలకోన జలపాతం 270 అడుగుల నుండి దూకుతుంది కదా, నీళ్ళకేం కరువు అంటారేమో. వేసవిలో దాని ధార ఎంత సన్నగిల్లుతుందో, పైకొండ దారులలో సెలయేళ్ళు ఎలా ఎండిపోతాయో చూసినవారు ఆ మాట అనరు. వడదెబ్బ తగిలిన మనిషికి ముందుగా మతి తప్పుతుంది, దారి తప్పడం ఆ తరువాత. అందుకే నేను సంచి ఎంచేటప్పుడు ముందు నీళ్ళసీసాలు సర్దిచూస్తాను. మిగిలిన చోటే కెమెరాది.

ఆ కొండల దిగువన మేకలు కాసుకునే ఒక పెద్దాయన ఒకసారి నా మిత్రుడి సంచిని ఎగాదిగా చూసి, “ఏం సామీ, బీరువాను ఈపున కట్టుకోనొచ్చినావే. ఇంతుందే, దీంట్లో నీళ్ళు యాడుండాయి?” అన్నాడు. ఆయన చేతిలో ఒక కర్ర, భుజాన ఒక సొరకాయ బుర్ర. ఆ రెంటితో ఆయన సాయంత్రం దాకా తిరుగుతాడు. మిత్రుడు నవ్వేశాడుగానీ, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

రంగు గురించి ఒక మాట. వన్యప్రాణుల చిత్రాలు తీసేవారికి ఆకుపచ్చ మచ్చల సైనిక దుస్తులన్నా, అదే అద్దకపు సంచులన్నా మోజు. మా అడవులలో ఆ మోజు తగదు. శేషాచలం ఎర్రచందనం పుట్టినిల్లు. దొంగరవాణాను అరికట్టడానికి తిరుపతిలో ప్రత్యేక కార్యదళమే ఉన్నది. 2015 ఏప్రిల్ 7న ఇక్కడి అడవిలో ఇరవైమంది తమిళనాడు కూలీలు కాల్పులలో చనిపోయిన సంగతి ఎవరం మరచిపోలేము. అటువంటి చోట, అటవీశాఖ అనుమతిపత్రం జేబులో ఉన్నా సరే, ఆకులలో కలిసిపోయే రంగు తొడుక్కుని పొదల మాటున నక్కడం వివేకం కాదు. దూరానికి కనబడే రంగు సంచినే కొనండి. పక్షులు బెదురుతాయంటారా? పక్షి బెదిరేది కదలికకు ఎక్కువగా, రంగుకు తక్కువగా. గుర్రంకొండ, హార్సిలీ కొండల రాళ్ళ మధ్య తిరిగే పసుపు గొంతు పిగిలిపిట్ట మన సంచి రంగు చూసి కాదు, మన తొందర చూసి ఎగిరిపోతుంది.

జంతువుల మాట వచ్చింది కనుక. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకున్నది. ఆ తరువాత నడిచివెళ్ళే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర అడవిదారిన పోతున్న భక్తులను ఏనుగులు తొక్కి చంపాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలోనైతే ఏనుగుల సంచారం 1980ల నుండీ ఉన్నదే. ఇక్కడ సంచికి రెండు గుణాలు అవసరం. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. రొమ్ముపట్టీ, నడుముపట్టీ ఒక్కొక్క నొక్కుతో విడిపోవాలి, సంచి అక్కడికక్కడే జారిపడాలి. ట్రైపాడ్‌ను తాళ్ళతో చిక్కుముడి వేసి కట్టుకున్నవారు దీనిని ఆలోచించాలి. కటకం మళ్ళీ కొనుక్కోవచ్చు.

వాన గురించి. ఆంధ్రదేశంలో అధికభాగం జిల్లాలు నైరుతిని నమ్ముకుంటే, మాకు అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనం గట్టిది. 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మరుసటి ఏడాది మే నెలలోగానీ తెరవలేకపోయారు. సంచిపైన తొడిగే వానతొడుగును నేను నమ్మను. అది వీపు వైపు తెరిచే ఉంటుంది, నీరు అటునుండి దిగుతుంది. నీరు చొరని పలుచని సంచిని లోపల పెట్టి, దాని మూతి చుట్టి, అందులో కెమెరా పెట్టెను ఉంచడం మేలు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థానికి వెళ్ళేవారు ఇరుకు లోయలో నీళ్ళలో దిగి నడుస్తారు. అక్కడ పైతొడుగు ఏం చేస్తుంది? ఇంకొక సంగతి. సంచి లోపలి గుడ్డకు పూసే పాలియురెథేన్ పూత వేడి తేమకు కొన్నేళ్ళలో జిగటబారి పొరలు పొరలుగా ఊడుతుంది. ఎంత ఖరీదైన సంచికైనా ఇది తప్పదు. తడిసిన సంచిని మూసి అటకమీద పెట్టడం మహాపాపం. మెత్తలలో నిలిచిన తేమే కటకానికి బూజు తెప్పిస్తుంది.

“కెమెరా సంచిలో నుండి కెమెరాను చప్పున తీయవచ్చు, నీ నడకసంచిలో నుండి తీసేలోగా పిట్ట ఎగిరిపోతుంది కదా” అని ఒక మిత్రుడి అభ్యంతరం. న్యాయమైనదే. అయితే వీపు వైపు జిప్పు తెరుచుకునే నడకసంచులు దొరుకుతాయి. బురదలో బోర్లా పడుకోబెట్టి తెరిస్తే వీపుకు ఆనే వైపు శుభ్రంగా ఉంటుంది, జనసమ్మర్దంలో వెనుక నుండి ఎవరూ తెరవలేరు. మెట్లదారిలోని కోతులు కూడా! (అవి జిప్పు తీయడం నేర్చినవి. కటకం ప్రక్కన అరటిపండు పెట్టుకునేవారు జ్ఞాపకం ఉంచుకోవాలి.) ఆపైన, నిజంగా పిట్ట కోసమే నడిచేవాడి కెమెరా సంచిలో ఎందుకుంటుంది? మెడలోనో, భుజంపట్టీకి బిగించిన కొక్కేనికో ఉంటుంది. మన బంగారు బల్లి కోసం సాయంకాలం రాతినెరియలు వెదికేవారికైతే ఒక దగ్గరి కటకం, ఒక ఫ్లాష్ చాలు. వారికి పెద్ద సంచే అనవసరం.

కొనబోయే ముందు చేయవలసినది ఒక్కటే. అయిదేసి కిలోల బియ్యం సంచులు రెండు పట్టుకుని దుకాణానికి వెళ్ళండి. వాటిని సంచిలో వేసి, నడుముపట్టీ బిగించి, భుజంపట్టీలు వదులుచేసి, అరగంట అక్కడే మెట్లు ఎక్కి దిగండి. భుజంపట్టీ క్రింద రెండు వేళ్ళు సులువుగా దూరితే బరువు నడుము మీద ఉన్నట్టు. దూరకపోతే ఇంకొకటి చూపించమని అడగండి. దుకాణదారు నవ్వుతాడు, నవ్వనివ్వండి. బియ్యం ఎటూ ఇంట్లోకి పనికివస్తుంది.