పోకర్ టోర్నీకి రెడీయా? ముందు పడుకోండి!

లాస్ వేగాస్‌లో ఏటా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరుగుతుంది. అందులో పెద్దది మెయిన్ ఈవెంట్. ఎంట్రీ పది వేల డాలర్లు. ఒక్కో లెవెల్ రెండు గంటలు, మామూలుగా రోజుకి ఐదు లెవెల్స్. బ్రేకులు కలిపితే దాదాపు పన్నెండు గంటలు అక్కడే. అలా రోజుల తరబడి! 2023లో 10,043 ఎంట్రీలు వస్తే, గెలిచింది డేనియల్ వైన్‌మన్. ఆయన కూడా మనలాగే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. సీట్లో గంటలకొద్దీ కూర్చోవడం మనకి కొత్త కాదులెండి. కానీ కూర్చున్న పదో గంటలో కూడా బుర్ర పనిచేయాలి కదా, అక్కడుంది తిప్పలు.

మా బాబాయి కొడుకు వచ్చే నెల గోవా కేసినోలో ఒక టోర్నీకి వెళ్తున్నాడు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అందుకని వీడు నేరుగా టేబుల్ దగ్గరికే పోతున్నాడు. "ఏ చార్టులు బట్టీ పట్టాలి అన్నా?" అని ఫోన్ చేశాడు. "అది తర్వాత. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావ్‌రా?" అన్నాను.

మొదటి గంటలో అందరూ బాగానే ఆడతారు. నడుము లాగుతూ, కళ్లు మండుతున్నప్పుడే "పోనీలే, కాల్ చేసేద్దాం" అనిపిస్తుంది. అందుకే వాడికి రెండు వారాల ప్లాన్ ఇచ్చాను. ఆట అర్ధరాత్రి దాకా సాగేదైతే, నిద్ర టైమింగ్ ఇప్పట్నుంచే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. రోజూ నలభై నిమిషాలు నడక. ఒక ఆదివారం ఫోన్ పక్కన పడేసి, ఫ్రెండ్స్‌తో చింతగింజలే చిప్స్‌గా పెట్టుకుని ఎనిమిది గంటలు ఆడాలి. ఎన్నో గంట నుంచి విసుగొస్తోందో అప్పుడు తెలుస్తుంది. టోర్నీ రోజు బ్రేకులో బిర్యానీ లాగించొద్దు, పెరుగన్నం చాలు. మధ్యలో అరటిపండు, వేరుశనగలు, నీళ్లు. మందు జోలికి అస్సలు పోవద్దు.

ఇక మనసు సంగతి. నీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు. ఉన్నదంతా మధ్యలోకి తోసేశారు. అయినా సుమారు ఐదుసార్లలో ఒకసారి నువ్వే ఓడిపోతావు. అందులో అన్యాయం ఏమీ లేదు, లెక్కే అంత. ప్రమాదమంతా దాని తర్వాతి చేతిలో ఉంది. పోయింది వెంటనే రాబట్టాలని ఆడే ఆటని పోకర్‌లో టిల్ట్ అంటారు. అది వచ్చాక ఆపడం కష్టం, అందుకే ముందే రూల్ పెట్టుకోవాలి. పెద్ద పాట్ పోతే సీట్లోంచి లేచి, నీళ్లు తాగి, పది సార్లు ఊపిరి తీసుకుని రావాలి. ఒకటి రెండు చేతులు మిస్సయినా నష్టం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రీఎంట్రీ. ఓడిపోయినవాళ్లు మళ్లీ డబ్బు కట్టి కూర్చునే సౌకర్యం చాలా టోర్నీల్లో ఉంటుంది. కోపంలో ఉన్నవాడికి అది సౌకర్యం కాదు, గొయ్యి. వేగాస్ మెయిన్ ఈవెంట్‌లోనే సుమారు 15 శాతం మందికే డబ్బు తిరిగొస్తుంది. అంటే ఉత్తచేతులతో ఇంటికి రావడమే మామూలు సంగతి. వచ్చే నెల ఈఎంఐ కట్టాల్సిన డబ్బుతో కూర్చుంటే, ఆ భయం కూడా పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఎంట్రీ పోయినా ఇంట్లో ఏదీ ఆగదనుకుంటేనే వెళ్లు, లేదంటే టికెట్ క్యాన్సిల్ చేసుకో అని వాడితో గట్టిగానే చెప్పాను. వెళ్తే క్రెడిట్ కార్డు ఇంట్లోనే పెట్టి వెళ్లాలి.

మా టీమ్‌లో శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ ప్రొడక్షన్‌లో పెట్టకూడదని రూల్. అది తలలు వేడెక్కిన శుక్రవారం రాసింది కాదు, తీరిగ్గా ఉన్న రోజు రాసుకున్నది. పోకర్ అయినా, ఇంటర్వ్యూ అయినా, పోటీ పరీక్ష అయినా అంతే. అలసిపోయాక తీసుకోవాల్సిన నిర్ణయాలు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కాగితం మీద పెట్టేయండి. ఆ రోజు మీరు చేయాల్సింది దాన్ని చదివి, ఆ మాట వినడమే.