ధర కోసే పరీక్ష ఉంది, పొదుగు కాచే పరీక్ష ఏది?

జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతంలో పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వకం, ఉడకబెట్టడం సాగే రోజుల్లోనే కూలీలకు చేతినిండా పని. తక్కిన రోజుల్లో పొయ్యి వెలగాలంటే ఇంటి ముందున్న ఒక్క ఆవో, బర్రెనో దిక్కు. దాని పొదుగు చెడితే సంసారమే చెడుతుంది.

పొదుగు గట్టిపడి, పాలు విరిగి, నెత్తురు చారలు కనబడితే డాక్టరు కోసం పరుగెత్తుతాం. అప్పటికే ఆలస్యమైపోతుంది. అసలు దొంగదెబ్బ కంటికి కనబడని పొదుగువాపుది. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. పాలు మాత్రం తగ్గుతుంటాయి. దిష్టి తగిలిందనో, గడ్డి సాల్తలేదనో అనుకుంటాం.

దీన్ని పట్టే పరీక్షను 1957లోనే కాలిఫోర్నియాలో కనిపెట్టారు. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు వేరుగా పిండి, అంతే మందు కలిపి తిప్పితే జబ్బు చన్ను పాలు జిగురు కడతాయి. నిమిషం పని. ఆ మందు ఒక రకం సబ్బునీళ్లే. పాకిస్తాన్ పశువైద్యులు బట్టల సబ్బుపొడితోనే, లీటరు నీళ్లకు 30 గ్రాముల చొప్పున కలిపి, ఈ పరీక్ష చేసి చూపారు. మొదటి ధారలు వదిలేసి తర్వాతి పాలు పట్టాలి. పరీక్షించిన పాలు పారబోయాలి. ఈనిన తొలి రోజుల్లో, వట్టిపోయే ముందు ఈ ఫలితాన్ని నమ్మరాదు.

పాల కేంద్రంలో వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని చూసి ధర కడతారు. పొదుగువాపుతో ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడిపోతుంది. పాలూ తగ్గె, ధరా తగ్గె! పైగా నీళ్లు కలిపావన్న నింద పాలు పిండిన తల్లి మీదే. కొనేవాడి లాభానికి రోజూ పరీక్ష ఉన్నప్పుడు, పశువు ఆరోగ్యానికి నెలకొక పరీక్ష ఎందుకుండరాదని మేము అడుగుతున్నాం.

మందుల షాపులో ఇంజక్షన్ కొని పొడిస్తే పాలలో మందు మిగులుతుంది, క్రిములు మొండికెత్తుతాయి. జబ్బు తొలిదశలోనే తెలిస్తే సులువు దారులున్నాయి. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి రుబ్బి పొదుగుకు పూయాలని జాతీయ పాడి అభివృద్ధి సంస్థే చెబుతున్నది. దానితోపాటు డాక్టరుకూ చూపించాలి.

కనుక ప్రతి పాల కేంద్రంలో నెలకోసారి ఉచిత పొదుగు పరీక్ష, జబ్బు తేలిన పశువుకు ఉచిత వైద్యం కావాలి. ఊరూరా సంఘాలు ఈ డిమాండును చేపట్టాలి. అంతదాకా సబ్బుపొడి, నాలుగు గిన్నెలతో మనమే మొదలుపెడదాం.