ఆ బిడ్డ ఊరందరి బిడ్డ

కాకినాడ దగ్గరి మా ఉప్పాడలో సముద్రం ఒక ఇంటిని కోసేస్తే ఊరంతా కదులుతుంది. సామాను మోస్తాం, రక్షణ గోడ కట్టమని అధికారులను నిలదీస్తాం. అదే ఊళ్లో వంకర పాదాలతో ఒక బిడ్డ పుడితే? "గ్రహణం పట్టింది", "ఎవరి కర్మ వారిది" అని ఎవరి దారిన వాళ్లం పోతాం. ఆ నష్టం కూడా ఊరిదే. దాన్ని ఒక తల్లి కన్నీటికి వదిలేయడం అన్యాయం.

జర్మన్ ఎముకల వైద్యుడు కోన్రాడ్ బీజాల్స్కీ (1868–1930) ఈ అన్యాయంతోనే పోరాడారు. శస్త్రచికిత్స ఎంత పెరిగినా, వైద్యుడి దాకా రాని బిడ్డకు దానివల్ల ఒరిగేదేమీ లేదని ఆయన గ్రహించారు. అందుకే 1906లో దేశంలోని వికలాంగ బాలల లెక్క తీయించారు. 1914లో బెర్లిన్ శివారులో ఆస్కార్-హెలెనె హైమ్ అనే సంస్థను తెరిచి వైద్యం, చదువు, చేతిపని మూడూ ఒకే చోట అందించారు. 1920లో ప్రష్యా ప్రభుత్వం వికలాంగుల సంరక్షణకు చట్టం చేసింది. ఆ చట్టం వెనుక ఆయన శ్రమ ఉంది.

మన గోదావరి గడ్డ కూడా అలాంటి వైద్యుణ్ణి కన్నది. భీమవరంలో పుట్టి విశాఖలో స్థిరపడిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు, పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలకు ఊరూరా ఉచిత శిబిరాలు పెట్టి శస్త్రచికిత్సలు చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పేదవాడు ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే పేదవాడి దగ్గరికి వెళ్లాలన్నది ఆ శిబిరాలు నేర్పే పాఠం.

పోలియోను మనం గెలిచాం. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసినవాళ్లు, బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లులు కలిసి సాధించిన గెలుపు అది. కానీ వెయ్యి మంది శిశువుల్లో ఒకరిద్దరు ఇప్పటికీ వంకర పాదాలతో పుడుతున్నారు. పుట్టిన కొద్ది వారాల్లోనే తీసుకెళ్తే, వారం వారం పిండికట్లు మారుస్తూ పాదాన్ని దారికి తెస్తారు. చాలామందికి మడమ వెనుక చిన్న కోత కూడా అవసరమవుతుంది. ఆ తర్వాత మొదట కొన్ని నెలలు దాదాపు రోజంతా, ఆపై నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంగుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ వైద్యం ఉచితం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత చదువుకూ హక్కు ఇచ్చింది.

వైద్యం ఉంది, చట్టం ఉంది. కావలసింది మన కదలిక. పురుడు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు బిడ్డ పాదాలు చూడండి. తేడా కనిపిస్తే ఆశా కార్యకర్తకు ఆ రోజే చెప్పండి. కూలి పోతుందని వెనకాడే మగ్గం ఇంటికి, చేపల వేటకు పోయే ఇంటికి బస్సు చార్జీ ఇచ్చి తోడుగా కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లండి. "కుంటి" అని ఏ పిల్లవాణ్ణీ పిలవకండి, ఎవరినీ పిలవనివ్వకండి. కాలు వంకరగా పుట్టడం ఎవరి తప్పూ కాదు. చూసి కూడా ఊరుకోవడం మాత్రం మనందరి తప్పు.