శనివారం సాయంత్రం అరగంట కూలెంట్ కోసం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి మిషన్ షాపుల యజమానులకు, ఆపరేటర్లకు, హెల్పర్లకు విజ్ఞప్తి

ఆదివారం సెలవు గడిచి సోమవారం పొద్దున షట్టర్ ఎత్తితే కుళ్లిన కోడిగుడ్ల కంపు. అగరొత్తి వెలిగిస్తాం, సంపులో కాస్త ఫినాయిల్ పోస్తాం. కంపు మరుగున పడుతుందే తప్ప కారణం పోదు.

స్లైడుల నుంచి, హైడ్రాలిక్ పైపుల నుంచి కారిన నూనె కూలెంట్ మీద తెట్టె కడుతుంది. మిషన్ నడుస్తున్నంతసేపూ కూలెంట్‌కి గాలి తగులుతుంది. ఆగాక ఆ తెట్టె గాలిని అడ్డుకుంటుంది. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అడుగు బురదలో పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కంపు అదే. పీహెచ్ పడిపోయి జాబులు తుప్పు పడతాయి, చేతులు దురద పెట్టి పగులుతాయి. పాడైన కూలెంట్ తుంపరను రోజూ పీలిస్తే ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బులు రావచ్చు.

ఈ కంపుకు మరో మూలం మన చేతిలోని నీళ్ల పైపు. మట్టం తగ్గితే చాలు, బోరు నీళ్లు వదులుతాం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ సంపులోనే చిక్కబడతాయి. చివరికి నూనె వేరు, నీరు వేరు. ఆ సూక్ష్మజీవులకు కావలసిన సల్ఫేట్లనూ ఈ నీళ్లే తెచ్చిపెడతాయి. ఆర్వో నీళ్లు వాడండి, అవీ ఉత్తవి కాదు, పలచగా కూలెంట్ నూనె కలిపినవి. కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత నూనె. మామూలు పనులకు 5 నుంచి 8 శాతం చాలు, పీహెచ్ 9 దగ్గర ఉండాలి. పాలరంగు చూసి అంచనా కట్టొద్దు. రిఫ్రాక్టోమీటర్ రీడింగును డబ్బా మీది గుణకంతో హెచ్చించండి.

శనివారం మిషన్ ఆపాక తెట్టె తీసేయండి, చిప్స్ బురద ఎత్తేయండి. చేపల తొట్టిలో వాడే చిన్న గాలి పంపు ఆదివారమంతా సంపులో నడిస్తే మంచిది. కూలెంట్ మార్చేటప్పుడు క్లీనర్‌తో పైపులు కూడా కడగాలి. పాత బురద మీద కొత్తది పోయడం పాలకు తోడు వేయడమే. అన్నట్టు, గుట్కా ఉమ్మడానికి సంపు కాదు, వేరే చోటు చూసుకోండి.

ఇక పారబోసే సంగతి. బాలానగర్, జీడిమెట్ల కాలువల్లో పోసింది కూకట్‌పల్లి నాలా మీదుగా హుస్సేన్ సాగర్ చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి నూనె వ్యర్థాలు ఆ కోవలోకే వస్తాయి. ఒక్క డ్రమ్ము కోసం దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి బండి కట్టడం చిన్న షాపుకు అయ్యే పని కాదు, నిజమే. అందుకే వీధికొక రిఫ్రాక్టోమీటర్, తెట్టె తీసే స్కిమ్మర్ ఒకటి ఉమ్మడిగా కొందాం. పాత కూలెంట్‌ను డ్రమ్ముల్లో ఒకచోట చేర్చి కలిసి పంపుదాం. యజమానులారా, వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తండి. ఆపరేటర్ తమ్ముళ్లారా, చేతులు దురద పెడితే దాచుకోకండి. ఈఎస్ఐ డాక్టరుకు చూపించి, ఏ కూలెంట్‌లో పనిచేస్తున్నారో కూడా చెప్పండి.