శశాంకునకును ఈస్టరు కుందేలునకును చుట్టరికమా?

ఫాల్గుణము ప్రవేశించినది మొదలు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో రెండు దృశ్యములు మాకు కనవచ్చుచున్నవి. ఇంగ్లీషు బడి పిల్లలు కాగితపు కుందేళ్లను కత్తిరించి, వాని ప్రక్క రంగుగ్రుడ్ల బొమ్మల నంటించి యిండ్లకు తెచ్చుచున్నారు. అది చూచి కినిసిన మనవారు కొందఱు పఠనమందిరములలో లేచి, "చంద్రునిలోని కుందేలు మనది, అందుచేతనే యాతడు శశాంకుడు. జగత్తును గ్రుడ్డుగా భావించి బ్రహ్మాండమని పేరిడినది మనము. ఈస్టరు దినమును పున్నమినిబట్టి గణింతురు. కావున కుందేలును గ్రుడ్డును మననుండి యపహరింపబడినవే" యని ఘోషించుచున్నారు. సభ్యులు కరతాళధ్వనులు చేయుచున్నారు. మేము మాత్రము చేయి కలుపజాలకపోయితిమి.

ఆస్తి తనదని దావా వేసినవాడు పత్రము చూపవలెను. పొరుగువాని యింటి చెంబు మన చెంబును పోలియున్నంతమాత్రమున వాడు దొంగ కాడు. మనవారి వాదమునకు పోలిక తప్ప వేఱు సాక్ష్యము లేదు. ఎదుటిపక్షమునకు సాక్ష్యము కలదు. దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదట గ్రుడ్డు సంగతి. మధ్యయుగములందు ఐరోపా క్రైస్తవులు ఈస్టరునకు ముందు నలువది దినములు ఉపవాసవ్రతమును పాటించి, మాంసముతోపాటు గ్రుడ్లను గూడ వర్జించెడివారు. మనుష్యునకు వ్రతము గలదు గాని కోడికి లేదు గదా! అది వసంతమున మఱింత విరివిగా గ్రుడ్లు పెట్టును. వ్రతము ముగియునాటికి ఇంటింట గ్రుడ్లు ప్రోగుపడెడివి. వానికి రంగులు వేసి, పంచిపెట్టి, భుజించెడివారు. ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు 1290లో ఈస్టరునకై 450 గ్రుడ్లు కొనినట్లు ఆ రాజగృహపు లెక్కలలో నున్నది. ఇందు అపహరణ మెక్కడ? ఇది వంటయింటి కథ.

ఇక కుందేలు. గ్రుడ్లు తెచ్చు ఈస్టరు కుందేటి ప్రస్తావన 1682లో గెయోర్గ్ ఫ్రాంక్ అను జర్మను వైద్యుని వ్రాతలో స్పష్టముగా గనబడుచున్నది. ఆల్సాసు ప్రాంతమున పిల్లలకు చెప్పెడి ముచ్చటగా ఆయన దానిని పేర్కొనెను. వసంతమున ఆ దేశపు పొలములలో కుందేళ్లు విరివిగా కనబడును. పదునెనిమిదవ శతాబ్దమున జర్మను వలసజనులు ఆ ముచ్చటను అమెరికాలోని పెన్సిల్వేనియాకు గొనిపోయిరి. పిమ్మట మిఠాయి వర్తకులు దానికి చక్కెర పూత పూసిరి.

"ఈయోస్త్ర యను ప్రాచీనదేవత యొక పక్షిని కుందేలుగా మార్చె"నను కథ మాట యేమని కొందఱడుగుదురు. ఆ దేవత పేరు 725లో బీడు అను ఆంగ్ల సన్న్యాసి తన కాలగణన గ్రంథమున నొక్కమాఱు చెప్పెను. అందు కుందేలును లేదు, గ్రుడ్డును లేదు. 1835లో యాకోబు గ్రిమ్ము ఆ పేరునుబట్టి ఒక జర్మను దేవతను ఊహించెను. పక్షి కుందేలైన కథ ఆ శతాబ్దముననే తరువాత అల్లబడినది. తన జాతికి ప్రాచీనత నాపాదింపగోరిన జర్మను పండితుని యూహయే దానికి మూలము. అట్టి దోషమునే మనవారు శశాంకుని పేరిట చేయుచున్నారు! ఆ పండుగకు ఫ్రెంచివారును ఇటలీవారును వాడు పేర్లు యూదుల పస్కానుండి వచ్చినవే కాని యే దేవతనుండియు రాలేదు.

మఱి మా మనవి యేమి? పండుగ గుర్తులు ఆ నేల, ఆ ఋతువు ఇచ్చినవి. ఫాల్గుణమున గూడూరు, మహాముత్తారం అడవులలో మోదుగ ఆకు రాల్చి నిలువెల్ల ఎఱ్ఱగా పూచును. ఆ పూలను నీట కాచిన రంగే మన తాతలు కాముని పున్నమి మఱునాడు చల్లుకొనిన వసంతము. ఉగాది పచ్చడిలోని వేపపూత ఆ దినములలోనే మన వాకిట రాలును. వీనికి ఎవ్వరి పత్రమును అక్కఱలేదు. అయినను, చంద్రునిలోని కుందేలు మాదని గర్జించు పెద్దలే తమ పిల్లలకు అంగడి రసాయనపు రంగులను కొనియిచ్చి, మోదుగ చెట్టును చూపకున్నారు. పోయినది కుందేలు కాదు, మోదుగ!

క్రైస్తవ సోదరులతో మాకు తగవు లేదు. కాగితపు కుందేలు వారి వేదమునందును లేదు. మన మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలును చూడుడు. 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పైన వేదనాయగం శామ్యూలు అజరయ్య అచ్చట 1939లో ప్రతిష్ఠింపజేసిన దేవాలయమున కోవెల మండపపు పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు కలసియున్నవి. ఈ దేశపు రూపములతోనే ఈ దేశమున ఆరాధింపవలెనని ఆయన తలచెను. స్వదేశాభిమాన మనగా నిది. కట్టి చూపుట, కట్టుకథ చెప్పుట కాదు.

ఉద్యమదినములలో మేము ఊరూర తిరిగినప్పుడు మా చేతిలో 1956 నాటి పెద్దమనుష్యుల యొప్పందమును, 1985 నాటి 610వ ఉత్తరువును ఉండెడివి. ప్రతిపక్షులు వానిని ఖండింపజాలక నోరు మూసికొనిరి. కాగితము చూపి మాటాడుట వలననే మన మాటకు విలువ కలిగి, 2014లో రాష్ట్రము సిద్ధించినది. నేడు చప్పట్లకై ఒక యబద్ధమాడినచో, రేపు మనము నిజము చెప్పినను నమ్మువారుండరు. శత్రువు చేయలేని ఆ నష్టమును మన వక్తలు చేయుచున్నారు.

కావున పఠనమందిరముల పెద్దలకు మా విన్నపము: వచ్చు కాముని పున్నమికి ఉపన్యాసము మానుడు. పిల్లలను మోదుగ చెట్టు క్రిందికి గొనిపోయి, రాలిన పూల నేరించి, ఆ సాయంకాలము పొయ్యిమీద కాపించుడు. కుందేటి కథ యడిగినచో, అది జర్మను పల్లెల ముచ్చటయని నిజము చెప్పుడు. పొరుగువానిది పొరుగువానిదని చెప్పగలవాడే తనది తనదని చెప్పినప్పుడు లోకము నమ్మును.