కొండ కనిపించకపోతే మంచు ఒక్కటే కారణం కాదు

(మా విలేకరి)

నరసరావుపేట: పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకోవడం ఈ ప్రాంతపు పల్లెల్లో పెద్దవారికి అలవాటు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలతో త్రికూటాద్రి అని పేరు పొందిన ఈ కొండను ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలూ కనిపిస్తాయని ప్రతీతి. కాని చలికాలంలో ఒక్క శిఖరమూ కనిపించని ఉదయాలు ఉంటున్నాయి. "మంచు పట్టింది" అనుకుని ఎవరి పనికి వారు పోతున్నారు. అది నిజంగా మంచేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

కొండ ఎత్తు 1587 అడుగులు. భూమి గుండ్రంగా ఉన్నందున దూరం పోయేకొద్దీ కొండ అడుగుభాగం ముందు మరుగవుతుంది, కొన చివరకు మరుగవుతుంది. ఆ లెక్క తీసినా, గాలి శుభ్రంగా ఉండి చెట్టూ చేమా అడ్డం రాకుంటే ఇంత ఎత్తు కొన 70 కిలోమీటర్ల వరకు కనిపించే వీలున్నది. పేట నుంచి కొండకు రోడ్డు దారిన 12, 13 కిలోమీటర్లకు మించదు. ఇంత దగ్గర కొండ కూడా మరుగైనదంటే లోపం చూసే కంటిలో లేదు, మధ్యనున్న గాలిలో ఉన్నది.

మంచుకూ పొగకూ తేడా

మంచు తెల్లగా ఉంటుంది. ఎండ ఎక్కగానే విడిపోతుంది. తొమ్మిది, పది గంటలు దాటినా విడవక, మట్టిరంగుతో కొండను కప్పి ఉన్నదంటే అందులో పొగ, దుమ్ము కలిసినట్టే. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దాని మీద గాలి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. సాయంత్రం పెట్టిన మంట తాలూకు పొగ పైకి పోలేక ఊరి మీదనే పరుచుకుంటుంది. గాలిలో తేమ ఉంటే ఆ పొగ నలుసులు తేమను పట్టి ఉబ్బి, చూపును మరింత అడ్డగిస్తాయి. మంచి వాన పడిన మర్నాడు కొండ చేతికి అందేంత దగ్గరగా కనిపించడం అందరం చూసేదే. వాన గాలిని కడుగుతుంది. కొండ ఎక్కడికీ జరగలేదు.

ముతక దుమ్ము త్వరగా నేలకు దిగుతుంది. తల వెంట్రుక మందంలో 30వ వంతు కూడా లేని సన్నని నలుసులు రోజుల తరబడి గాలిలో తేలుతాయి. చూపును ఎక్కువగా అడ్డగించేవి ఇవే, ఊపిరితిత్తుల లోతుకు పోయేవీ ఇవే. కనుక కొండ కనిపించకపోవడం కేవలం కంటికి సంబంధించిన విషయం కాదు. ఉబ్బసం ఉన్న ముసలివారికీ, పసిపిల్లలకూ అది హెచ్చరిక.

ఈ మాటకు దేశమంతా చూసిన రుజువు ఉన్నది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై బండ్లు, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఏప్రిల్ మొదటి వారంలోనే పంజాబులోని జలంధర్ వాసులకు నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ధౌలాధార్ మంచు కొండలు మేడల మీద నుంచి కనిపించాయి. ఎన్నో ఏళ్ళ తరువాత చూశామని పెద్దవారు సంతోషించారు. బండ్లు తిరగ్గానే తెర మళ్ళీ పడింది.

మన పాలు ఎంత?

ఇక్కడి పొగలో మన చేతి పని కూడా ఉన్నది. పత్తి తీత అయ్యాక కట్టెను, మిషన్‌తో కోసిన వరి మోళ్ళను చేలోనే తగలబెడుతున్నారు. గులాబీ రంగు పురుగు మిగులుతుందన్న భయంతో పత్తి కట్టెను కాల్చే రైతును తప్పు పట్టి లాభం లేదు. కట్టెను ముక్కలు చేసి భూమిలో కలిపే యంత్రాలు ఉన్నాయి. అవి అదనుకు, చిన్న రైతు భరించగల అద్దెకు దొరకాలి. అటు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, ఇటు రాళ్ళ క్రషర్లు, పట్టా కప్పకుండా కంకర తోలే టిప్పర్లు, ఊరి చివర కాలుతున్న చెత్త కుప్పలు ఉండనే ఉన్నాయి. క్రషర్ల వద్ద దుమ్ము లేవకుండా ఏర్పాట్లు, గాలి అడ్డుగోడలు, నేల తడపడం, చుట్టూ చెట్లు ఉండాలని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఇవి కాగితం దాటి రావాలి.

గాలి శుభ్రతకు 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యక్రమం నగరాల కోసం. మన రాష్ట్రంలో గుంటూరు, విజయవాడ వంటివి అందులో ఉన్నాయి. పల్లెలకు అందులో చోటు లేదు. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సన్నని నలుసులు 60 మైక్రోగ్రాములు మించరాదని దేశపు ప్రమాణం. ఆ హద్దు పల్లెకూ వర్తిస్తుంది గాని, దాన్ని కొలిచే యంత్రం మాత్రం ఊరూరా లేదు.

యంత్రం వచ్చేదాకా కొండే మన కొలబద్ద. వాతావరణ కేంద్రాల్లో సిబ్బంది కూడా దూరం తెలిసిన గుర్తులు కనిపిస్తున్నాయా లేదా అని చూసి నమోదు చేయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. చెరువు కట్ట మీది చెట్టు, పక్క ఊరి గుడి గోపురం, కోటప్పకొండ, ఈ మూడింటిలో ఏవి కనిపించాయో రోజూ పది గంటలకు బడి నల్లబల్ల మీద పిల్లల చేత రాయిస్తే పైసా ఖర్చు లేదు. ఒక ఏడాది లెక్క చేతిలో ఉంటే ఏ నెలలో తెర పడుతున్నదో, అప్పుడు ఎక్కడ ఏది కాలుతున్నదో తెలుస్తుంది. గ్రామసభలో అధికారులను అడగడానికి ఆధారమూ దొరుకుతుంది.

శివరాత్రికి 80, 90 అడుగుల ప్రభలు కట్టి కొండకు తోలుకుపోయే ఊళ్ళు ఇవి. పది ఊళ్ళు కలిసి ప్రభను కదిలించినట్టే ఈ పనికీ కలిసి పూనుకోవాలని, కట్టె ముక్కలు చేసే యంత్రాలను పత్తి తీత ముగిసే నాటికే అందుబాటులో ఉంచేలా వ్యవసాయాధికారులు చూడాలని కోరవలసి ఉన్నది.